మా ఊరి భారతానికి దుర్యోధనుడి బొమ్మ చేసిన జట్టు గురించి

ఊళ్ళో భారతం పెట్టుకుని, దుర్యోధనుడి బొమ్మకి ఎవరిని పిలవాలా అని వెతుక్కుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాది చిత్తూరు జిల్లాలో కార్వేటినగరం వైపు పల్లె. మామిడి కోతలు అయిపోయినాక ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిపించాం. కమిటీ వాళ్ళు ఖర్చుల పుస్తకం నా చేతిలో పెట్టారు. అందువల్ల బొమ్మ జట్టుతో బేరం కుదుర్చుకున్న రోజు నుంచి చివరి డబ్బులు చేతిలో పెట్టేదాకా మాట్లాడింది నేనే. పని చాలా బాగా చేశారు. ఇంకోసారి భారతం పెడితే వాళ్ళనే పిలవమని కమిటీలో చెప్పేశాను కూడా. అయితే రంగుల విషయం, వచ్చే రోజు విషయం ముందే గట్టిగా మాట్లాడుకోవాలి. అదీ రాస్తాను.

మా వైపు వాళ్ళకు భారతం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. కోస్తా వైపు వాళ్ళు ఎవరైనా చదివితే మాత్రం కొంచెం చెప్పాలి. చిత్తూరు జిల్లా పల్లెల్లోనూ, సరిహద్దు దాటితే అరవ దేశం పల్లెల్లోనూ ద్రౌపదమ్మ గుళ్ళు, ధర్మరాజుల గుళ్ళు చాలా ఉన్నాయి. ఆ గుళ్ళ తిరునాళ్ళే భారతం. కురుక్షేత్రం 18 రోజులు, పర్వాలు 18, మా భారతమూ 18 రోజులే. మధ్యాహ్నం భాగవతారు హరికథగా చెప్పిన ఘట్టాన్నే రాత్రికి వీధి నాటకంగా తెల్లవార్లూ ఆడతారు. బకాసుర వధ రోజు భీముడు బండి నిండా అన్నం పెట్టుకుని వీధివీధీ తిరుగుతాడు. అర్జున తపస్సు రోజు వేషగాడు ఎత్తైన మాను ఎక్కుతూ మెట్టుకో పద్యం పాడతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద పడుకుని ఉంటారు, ఆయన పైనుంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పుల గుండం, మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం.

ఆ వధ కోసం గుడి ముందరి మిట్ట మీద మట్టితో ఒక మనిషిని పడుకోబెడతారు. కిరీటంతో, మీసంతో, చేతి పక్కన గదతో వెల్లకిలా పడుకున్న దుర్యోధనుడు. మా బొమ్మ కిరీటం కొస నుంచి కాలి బొటనవేలి దాకా 40 అడుగులు దాటింది. పక్కన నిలబడితే పొట్ట మన భుజం ఎత్తుకి వస్తుంది. 18 రోజుల నాటకం అంతా ఒక ఎత్తు, ఈ బొమ్మ ఒక ఎత్తు. రాత్రిళ్ళు నిద్ర ఆపుకోలేక నాటకం చూడలేని పిల్లలు కూడా పెద్దయ్యాక ఈ బొమ్మని మర్చిపోరు.

ఈసారి కమిటీలో మొదట పెద్ద చర్చే జరిగింది. ప్రతిసారీ మట్టి తోలడం, తొక్కడం, చెయ్యడం, మళ్ళీ తీసెయ్యడం ఎందుకు, ఒక్కసారి సిమెంటుతో కట్టించేస్తే ఎప్పటికీ ఉంటుంది కదా అని కుర్రవాళ్ళు కొందరు అన్నారు. ఫైబర్ బొమ్మ అద్దెకి దొరుకుతుందని ఇంకొకరు అన్నారు. ఖర్చు లెక్క వేస్తే వాళ్ళ మాటలో న్యాయం ఉంది. నేను, మా అత్త, గుడి పూజారి మాత్రం ఒప్పుకోలేదు. వధ అయిన తర్వాత ఆ మట్టి ఇంటింటికీ పోవాలి. గాదెలో వేసుకునేవాళ్ళు ఉన్నారు, చేలో చల్లుకునేవాళ్ళు ఉన్నారు, మేము మామిడి చెట్ల మొదట్లో వేస్తాం. సిమెంటు దుర్యోధనుడి నుంచి ఎవరు ఏం తీసుకుపోతారు? ఏడాదంతా మిట్ట మీద ఎండకీ వానకీ పడి ఉన్నవాడిని చివరి రోజు చంపామంటే ఎవరికి నమ్మకం కుదురుతుంది? చివరికి మట్టికే ఒప్పుకున్నారు.

జట్టులో మేస్త్రీ, ఆయన ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు, ఇద్దరు పనివాళ్ళు. నగరి వైపు నుంచి వచ్చారు. నేను మేస్త్రీని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు. మొదటి రోజే ఆయన మట్టి దగ్గర పట్టు పట్టాడు. మేము తోలిపెట్టిన ఎర్రమన్ను చేతిలోకి తీసుకుని, నీళ్ళు పోసి పిసికి, "ఇది పొట్టకి పనికొస్తుందమ్మా, మొకానికి పనికిరాదు" అన్నాడు. లోపల దిబ్బగా పొయ్యడానికి ఏ మన్నైనా సరే, పైపూత కోసం మాత్రం చెరువు అడుగున ఉండే నల్లమట్టి కావాలంట. చెరువులో ఒక మూల ఎండిన చోటు చూసి ట్రాక్టరుతో తోలించాం. దాంట్లో వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి, నీళ్ళు పెట్టి, ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు కాళ్ళతో తొక్కారు. గడ్డి లేకపోతే ఎండకి బీటలు వారుతుందని, ఎక్కువైతే నున్నగా రాదని చెప్పాడు.

ముందు ముగ్గుపిండితో నేల మీద మనిషి ఆకారం గీశారు. నడి మధ్యన తాడు కట్టి, తల ఎంత ఉంటే మొండెం ఎంత ఉండాలో, తొడ ఎంత ఉండాలో ఆ తాడు మీదే మూరలతో కొలిచారు. కాగితం లేదు, ఫోటో లేదు. తర్వాత గంపలతో మట్టి పోసుకుంటూ, నీళ్ళు చల్లుకుంటూ, కొయ్య చెక్కలతో కొట్టి గట్టిచేసుకుంటూ వచ్చారు. ఈ కొట్టడం మా ఇంటి దాకా వినపడేది. మేస్త్రీ ఆ చప్పుడు విని, లోపల గుల్లగా ఉందా గట్టిగా ఉందా చెప్పేవాడు. ఒకసారి భుజం దగ్గర చప్పుడు నచ్చక, అప్పటికే పోసిన మట్టంతా తవ్వించి మళ్ళీ పోయించాడు. కొడుకులు విసుక్కున్నారు. ఆయన వినలేదు. చివరి రోజున ఆ భుజం మీదే దుర్యోధనుడి వేషగాడు ఎక్కి నిలబడి తొడ చరిచాడు. పెళ్ళ కూడా ఊడలేదు.

అసలు పరీక్ష అదే. ఈ బొమ్మ చూడటానికి మాత్రమే కాదు. భుజకీర్తులు, కిరీటం, కాళ్ళకి గజ్జెలు కట్టుకున్న ఇద్దరు మనుషులు దాని మీద ఎక్కి దిగి పరుగెత్తి చిందులు వెయ్యాలి. ఛాతీ కుంగకూడదు, పొట్ట జారకూడదు. అదే బొమ్మలో తొడ మాత్రం ఒక్క దెబ్బకి పగలాలి. రెండో దెబ్బ వెయ్యాల్సి వస్తే జనం మొహాలు మారిపోతాయి. తొడ లోపల ఎర్రనీళ్ళ కుండ పెట్టి, దాని మీద మట్టి పూత ఎంత మందం ఉండాలో మేస్త్రీ తన చేత్తోనే చూసుకున్నాడు, కొడుకులని కూడా ముట్టుకోనివ్వలేదు. ఎండకి ఆ పూత బిగుసుకుపోకుండా దాని మీద ఒక్కచోటే తడి గోనెసంచి కప్పి, వధ దాకా తడుపుతూ ఉన్నాడు. నిండుసభలో ద్రౌపదికి దుర్యోధనుడు చూపించింది ఎడమ తొడ. కాబట్టి కుండ ఎడమ తొడలోనే పెట్టాలని మా భాగవతారు చెబితే, ఆ మాట నాకు చెప్పాల్సిన పనిలేదు సామీ అని నవ్వాడు.

పని మొదలుపెట్టకముందు ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "మొకం రాక్షసుడిదా అమ్మా, రాజుదా?" కొన్ని ఊళ్ళవాళ్ళు కోరలు పెట్టమంటారంట, నాలుక బయటికి ఉండాలంటారంట. నేను మా అత్త వైపు చూశాను. ఆమె, "రాజుదే పెట్టు నాయినా, 11 అక్షౌహిణులు నడిపిన దొర" అంది. ఆయనకి ఆ మాట ఎంత సంతోషమైందో మొహంలో కనపడింది.

ఆ ముఖం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కళ్ళు గీసింది ఆయన పెద్ద కోడలు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. అన్ని రోజులూ మట్టి మోసింది, వంటకి నీళ్ళు తెచ్చింది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. వధ రోజు తెల్లవారకముందే, టార్చి వెలుతురులో, కొబ్బరి పీచు కుంచెతో బొమ్మ గడ్డం మీద కూచుని కళ్ళు తెరిచింది. మూకుళ్ళు బోర్లించి వాటి మీద సున్నం పూసి ముందే సిద్ధంగా ఉంచారు. నల్లగుడ్డు పెట్టి, రెప్పల గీత ఒక్క ఊపులో లాగింది, మధ్యలో చెయ్యి ఎత్తలేదు. పండగనాడు వాకిట్లో చుక్కలు తప్పకుండా ముగ్గు లాగే పిల్ల చెయ్యి లాగా ఉంది ఆ చెయ్యి. మీసం కూడా ఆమే దిద్దింది. మీసం కొసలు పైకి తిప్పింది గానీ పెదవుల చివరలు కొంచెం కిందికి లాగింది. పొద్దున జనం వచ్చి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపమూ ఉంది ఆ ముఖంలో, అలిసిపోవడమూ ఉంది. మడుగులోంచి బయటికి పిలిపించుకుని వచ్చినవాడి ముఖం అది.

తెలియని పిల్లలకి కూడా ఈ కథ చెప్పాలి. అందరూ చచ్చిపోయినాక దుర్యోధనుడు ఒక్కడే ద్వైపాయన మడుగులో నీళ్ళని స్తంభింపజేసి దాక్కున్నాడు. పాండవులు గట్టు మీదికి వచ్చి మాటలతో పొడిస్తే ఆగలేక బయటికి వచ్చాడు. గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదు. భీముడు తొడ మీద కొట్టాడు. ఇద్దరికీ గద నేర్పిన బలరాముడు అది చూసి నాగలి ఎత్తి భీముడి మీదికి పోయాడు, కృష్ణుడు ఆపాడు. చిట్టచివర ధర్మరాజు స్వర్గానికి పోతే అక్కడ ముందుగా కనపడింది దుర్యోధనుడే. తెలుగులో తిక్కన గారు చెప్పిన పర్వాల్లో ఇదంతా ఉంది, మా భాగవతారు ఆ పద్యాలే ఎత్తుకున్నారు. కేరళలో కొల్లం జిల్లా పోరువళి దగ్గర మలనడలో దుర్యోధనుడికి గుడే ఉంది. మా ఊళ్ళో గుడి లేదు గానీ, మా ఆడవాళ్ళు వధ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కోరలు పెట్టిన బొమ్మ కోసం ఎవరూ ఏడవరు.

పద్యాల్లో లేని కథలు ఇంకా ఉన్నాయి. గాంధారి కళ్ళగంతలు విప్పి కొడుకుని చూస్తే ఒళ్ళంతా వజ్రమైందని, సిగ్గుపడి తొడల మీద అరిటాకు చుట్టుకున్నాడు గనక అక్కడ మాత్రం మెత్తగా మిగిలిందని చెబుతారు. యుద్ధానికి మంచి ముహూర్తం ఎప్పుడని శత్రువు తమ్ముడు సహదేవుడినే పోయి అడిగాడని, అడిగినవాడు దాయాది అని తెలిసీ సహదేవుడు అబద్ధం చెప్పలేదని అంటారు. ఈ కథలు చెప్పుకోవడానికి బొమ్మ చేసే రోజులే సరైన రోజులు. నాటకంలో ఆ తీరిక ఉండదు.

మట్టి ఆరేదాకా ఖాళీ దొరికినప్పుడు మా మామ మిట్ట మీద చేరేవాడు. ఆయన వయసు ఎనభై దాటింది. కథ చెప్పడంలో మా వైపు ఆయనకి పేరుంది. ఈసారి మేస్త్రీ కూడా అదే రకం మనిషి కావడంతో ఇద్దరికీ పోటీ కుదిరింది. ఊరి పిల్లలంతా ఊక గంపల మీద కూచుని వినేవాళ్ళు.

మా మామ కుర్రవాడిగా ఉన్నప్పుడు చేసిన దుర్యోధనుడి తల మా ఊళ్ళో ఉంటే, కాళ్ళు పక్క ఊరి పొలిమేరలోకి పోయాయంట. మా నేలలో ఉన్న కాళ్ళు మావేనని పక్క ఊరివాళ్ళు పంచాయితీకి వచ్చారు. తొడ ఎవరి కయ్యలో పడితే వధ వాళ్ళదని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. తాడు పట్టి కొలిస్తే తొడ సరిగ్గా వాగులో పడింది. ఆ ఏడు భీముడు మోకాలు లోతు నీళ్ళలో దిగి కొట్టాడు, ఎర్రనీళ్ళు వాగంతా కలిసి కింద ఊరి చెరువు దాకా పోయాయి, ఆ ఏడు ఆ ఊరి వడ్లు ఎర్రగా పండాయి.

మేస్త్రీ ఊరుకుంటాడా? వాళ్ళ తాత చేసిన దుర్యోధనుడి కుడి మీసం కింద, దారి తప్పిన మేకల మంద మొత్తం వానకి తలదాచుకుంది. వాన వెలిసినాక కాపరి లెక్కపెట్టుకుంటే ఒక మేక ఎక్కువే ఉంది. లోపల ఈనిందంట. ఇంకోసారి ముక్కు పుటం తొలుస్తూ వాళ్ళ తాత పార లోపల మర్చిపోయాడు. రాత్రి దుర్యోధనుడికి ముక్కు దురద పెట్టి తుమ్మాడు. పార ఎగిరి పోయి నగరి దగ్గర కొండకి తగిలింది. ఇప్పటికీ ఆ కొండకి ముక్కు ఆకారం కనపడటం లేదా, చూసుకోండి అన్నాడు. పిల్లలందరికీ ఆ కొండ తెలుసు. నగరి మీదుగా బస్సులో పోయిన ప్రతివాడూ అవును ఉంది, నేను చూశాను అని లేచాడు.

మా మామ దానికి జవాబుగా భీముడి పరుగు చెప్పాడు. ఆ పెద్ద బొమ్మ చుట్టూ భీముడు దుర్యోధనుడిని తరుముతూ ఒక్క చుట్టు తిరగడానికి సద్దిమూట కట్టుకుని పోవాల్సి వచ్చేదంట. మోకాలి దగ్గర ఒకటి, మెడ దగ్గర ఒకటి చలివేంద్రాలు పెట్టారంట. ద్రౌపది కూచుని కూచుని, అప్పటిదాకా విరబోసుకున్న జుట్టు తెల్లబడిపోయిందంట. ఈ చివరి ముక్కకి మా అత్త కూడా నవ్వింది. ఆమె నవ్వడం అరుదు.

బొమ్మ జట్టు పనిలో ఇది భాగమా అని ఎవరైనా అడగొచ్చు. నా మటుకు భాగమే. ఆ కథలు విన్న పిల్లలు ఊరికే ఉండలేదు. పిడికెడు మట్టి తెచ్చి ఇది నా మట్టి, వేలికి పెట్టు అనేవాడు ఒకడు, చెవికి పెట్టు అనేది ఒకతె. మేస్త్రీ ఎవరినీ కసరలేదు. తెచ్చిన ప్రతి ముద్దా తీసుకుని ఎక్కడో ఒకచోట మెత్తేవాడు. సిటీలో చదివే మా అన్న కూతురు సెలవులకి వచ్చి, కాలి చిటికెన వేలు తనదేనని అందరికీ చూపించుకుంది. ఫోను ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు.

16వ రోజు రాత్రి వాన వచ్చింది. మబ్బు పట్టగానే మేస్త్రీ నాటకం దగ్గర నుంచి లేచి పోయాడు. టార్పాలిన్ పట్టలు వాళ్ళవే, ముందే తెచ్చుకున్నారు. మామూలుగా పట్ట కప్పేస్తే నీళ్ళు మడతల్లో నిలిచి బరువుకి పొట్ట కుంగుతుంది. వాళ్ళు బొమ్మకి రెండు వైపులా గుంజలు నాటి, నడుమ తాడు కట్టి పందిరిగా వేశారు. చుట్టూ కాలువ తీశారు. తెల్లవార్లూ ఐదుగురు మగవాళ్ళూ పట్ట కొసలు పట్టుకుని గాలికి లేవకుండా చూశారు. పొద్దున పోయి చూస్తే కుడి పాదం మడమ దగ్గర కొంచెం కరిగింది, అంతే. మధ్యాహ్నానికి మళ్ళీ మెత్తి ఆరబెట్టారు. దీనికి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. మేమే కమిటీ తరఫున పంచెలు, చీర పెట్టాం.

వధ మా ఊళ్ళో పొద్దున తొమ్మిది దాటాక మొదలైంది. రాత్రంతా ఆడిన వేషాలతోనే వస్తారు. మద్దెల, తాళాలు, ముఖవీణ ముందు నడిచాయి. దుర్యోధనుడు జనంలోకి దూరి పరుగెత్తాడు, ఆడవాళ్ళు దారి ఇచ్చారు, భీముడు గద ఊపుకుంటూ వెనక పడ్డాడు. ఇద్దరూ బొమ్మ ఎక్కారు, దిగారు, మళ్ళీ ఎక్కారు. ఛాతీ మీద నిలబడి ఒకరికొకరు పద్యాలు విసురుకున్నారు. కృష్ణుడి వేషగాడు కింద నిలబడి తన తొడ మీద తట్టి సైగ చేశాడు. భీముడు ఒక్క దెబ్బ వేశాడు. తొడ మీది పూత సరిగ్గా కుండ ఉన్నంత మేరే విరిగి లోపలికి పడింది. ఎర్రనీళ్ళు చిమ్మాయి. ద్రౌపది వేషం వేసిన ఆయన వచ్చి, ఆ ఎర్రనీళ్ళు తలకి రాసుకుని జుట్టు ముడి వేసుకున్నాడు. అప్పటిదాకా గోల చేసిన పిల్లలు కూడా ఆగిపోయారు. తర్వాత గాంధారి వచ్చి తల దగ్గర కూచుని శోకం ఎత్తుకుంది. బొమ్మ ముఖం బాగా కుదిరింది గనకే ఆ శోకం అంత నిలబడింది. ఆ పాట పాడేటప్పుడు వేషగాడు జనం వైపు చూడలేదు, కోడలు పిల్ల గీసిన ఆ కళ్ళలోకే చూస్తూ పాడాడు.

ఇక బాగాలేనివి.

రంగులు. కిరీటానికి, నగలకి డబ్బా పెయింటు వాడితే పర్వాలేదు. వాళ్ళు ఒంటికి కూడా చాలావరకు అదే పూశారు. మెరుపు వస్తుంది, ఫోటోలో బాగుంటుంది, చిన్న తుంపరకి కరగదు. నిజమే. కానీ వధ అయ్యాక జనం మట్టి ఏరుకుంటే ముద్దలకి పెయింటు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. అవి చేలో వేసుకోవాలా, గాదెలో వేసుకోవాలా? మా అత్త కూచుని పెచ్చులన్నీ గోటితో గీకింది. తెలుపుకి సున్నం, ఎరుపుకి జాజు, నలుపుకి దీపం మసి వాడమని నేను తర్వాత మేస్త్రీతో అన్నాను. అడిగితే చేస్తామమ్మా, ఇప్పుడు అన్ని ఊళ్ళవాళ్ళూ మెరుపే అడుగుతున్నారు అన్నాడు. కాబట్టి ముందే అడగండి, ఒప్పందం కాగితంలో కూడా రాయించండి.

ఎర్రనీళ్ళకి కూడా కొట్లో దొరికే రంగుపొడి తెచ్చారు. ద్రౌపది వేషగాడు అది తల మీద పోసుకోవాలి, కళ్ళలోకి కారుతుంది. మా అత్త ఆ పొట్లం పక్కన పెట్టించి, పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసింది. దిష్టి తీసేటప్పుడు ఇంట్లో చేసేదే కదా. కాకపోతే సున్నం మరీ తక్కువగా, చిటికెడే వేసింది. కుండకి ఎంత పసుపు పడుతుందో ముందే చూసుకుంటే మంచిది, మేము చివరి నిమిషంలో మూడు ఇళ్ళ పసుపు డబ్బాలు ఖాళీ చేశాం.

రెండోది, చెప్పిన రోజుకి రాలేదు. అంతకుముందు పని చేస్తున్న ఊళ్ళో ఆలస్యమైందంట. అది ఎవరికైనా జరుగుతుంది. కానీ ఫోను ఎత్తకపోవడం తప్పు. తోలిన మట్టి ఎండలో పడి ఉంది, కమిటీ వాళ్ళు నన్ను అడుగుతున్నారు, నాకు బాగా టెన్షన్ అయింది. పెద్ద కొడుకు నంబరు, కోడలి నంబరు కూడా తీసుకోండి. కోడలు ఫోను ఎత్తుతుంది.

డబ్బుల సంగతి. రేటు బొమ్మ పొడవుని బట్టి, ఊరి దూరాన్ని బట్టి మారుతుంది, అందుకే అంకె రాయడం లేదు. మేము సగం అడ్వాన్సు, ముఖం పని మొదలైన రోజు కొంత, వధ అయ్యాక మిగిలింది ఇచ్చాం. మట్టి, ట్రాక్టరు, నీళ్ళ ట్యాంకరు, తిండి మనదే. రంగులు, పట్టలు, పనిముట్లు వాళ్ళవి. భారతం జరిగినన్ని రోజులూ వాళ్ళు మాంసం ముట్టరు, మందు ముట్టరు. మేస్త్రీ చేతికి కంకణం కూడా కట్టించుకున్నాడు. మధ్యాహ్నం రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెడితే చాలా ఇష్టంగా తిన్నారు, ప్రత్యేకంగా ఏమీ అడగలేదు. పడుకోవడానికి బడి వరండా ఇచ్చాం. కోడలికి మాత్రం మా ఇంట్లోనే చోటు ఇచ్చాను. ఆడమనిషి ఉన్న జట్టు కాబట్టి మీరూ ఆ ఏర్పాటు ముందే చూడండి, స్నానాల గది దగ్గరగా ఉండాలి.

వధ అయ్యాక వాళ్ళు వెంటనే మూట కట్టుకుని పోలేదు. ఛాతీ, తొడ, చేతుల మట్టి జనం తీసుకుపోయినాక కూడా లోపలి దిబ్బ అట్లాగే ఉంటుంది. గుండానికి చోటు కావాలి కదా. జట్టు మగవాళ్ళు, మా ఊరి కుర్రవాళ్ళు కలిసి దాన్ని ట్రాక్టరుకి ఎత్తి మళ్ళీ చెరువులోనే పోసి వచ్చారు. సిమెంటు బొమ్మ కావాలన్న కుర్రవాళ్ళే ఎక్కువ గంపలు మోశారు. వాళ్ళలో ఒకడు మట్టిముద్ద ఒకటి వాళ్ళ అమ్మకని టవల్లో కట్టుకుని పోవడం నేను చూశాను.

వాళ్ళ నంబరు కావాలంటే మా ధర్మరాజుల గుడి పూజారిని అడిగితే ఇస్తారు. ఆషాఢం, శ్రావణంలో ఈ వైపు చాలా ఊళ్ళలో భారతాలు ఒకేసారి పడతాయి. ఉగాదికే మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేసుకోండి. చెరువు నల్లమట్టి మాత్రం చెరువులో నీళ్ళు చేరకముందే తోలి, పట్ట కప్పి పెట్టుకోండి. వాళ్ళు వచ్చాక వెతకడం మొదలుపెడితే రెండు పూటలు దానికే పోతాయి.